ఒంటికాలి మీద పదకొండు సెకన్లు

ఆసుపత్రిలో అందరూ అతన్ని ‘క్రేను’ అనే పిలిచేవారు. హాజరు పుస్తకంలో తప్ప అసలు పేరు ఎక్కడా వినపడేది కాదు. ఎముకల వార్డులో రోగుల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి ఎక్స్‌రే బల్ల మీదికి మార్చడం అతని పని. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. ఎంత భారీ మనిషైనా సరే, చేతులు ఎక్కడ వెయ్యాలో అక్కడ వేసి, "ఊపిరి వదలండి, అయిపోయింది" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేసరికి నిజంగానే అయిపోయేది. ఆపరేషనైన వాళ్ళు వేరే ఎవరొచ్చినా ఒప్పుకునేవారు కాదు. "ఆయన్ని పిలవండి, ఆయనొస్తేనే లేస్తాను" అని భీష్మించుకు కూర్చునేవారు. ఆ మాట తలుపు బయట చెవిన పడితే అతను వెంటనే లోపలికి వెళ్ళేవాడు కాదు. ఇంకోసారి అంటారేమో, విందామని కాసేపు ఆగేవాడు.

అలాంటి మనిషి సిబ్బంది ఆటల పోటీల్లో వాలీబాల్ ఆడుతూ పడ్డాడు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ తగల్లేదు. బంతిని కొట్టడానికి ఎగిరి, కుడికాలి మీద దిగాడు. పాదం ఒకవైపు ఉండిపోయింది, ఒళ్ళు ఇంకోవైపు తిరిగింది. మోకాలిలో టప్పుమన్న చప్పుడు పక్కనున్న వంటమనిషికి కూడా వినపడిందట. మోకాలి ఎముకల్ని కలిపి పట్టే ముందువైపు లిగమెంటు పూర్తిగా తెగిపోయిందన్నారు. తొడ వెనక నుంచి ఒక నరంలాంటి తాడు తీసి, దాని స్థానంలో బిగించారు. రోజూ తను రోగుల్ని దింపే బల్ల మీదికి అతన్ని దింపడానికి ఆ రోజు ముగ్గురు కావలసివచ్చింది. వాళ్ళు నవ్వారు, అతను కూడా నవ్వాడు.

రెండు నెలలు తిరిగేసరికి కర్ర వదిలేశాడు. నాలుగో నెలకి వ్యాయామశాలలో బరువుల యంత్రం మీద ఎడమకాలు ఎంత తోస్తే కుడికాలు దాదాపు అంతా తోసింది. ఇక పనిలోకి వెళ్ళొచ్చనుకున్నాడు. ఫిజియో మేడమ్ ఒప్పుకోలేదు. పొట్టి మనిషి, మెళ్ళో ఎప్పుడూ స్టాప్‌వాచ్ వేలాడుతుండేది.

"బలానికి మీకు వంక పెట్టనండీ," అంది ఆవిడ. "కానీ మీ కండలు ఒకదాని మాట ఒకటి వినట్లేదు."

"కండలకి చెవులుంటాయా మేడమ్?"

"మీ తెగిపోయిన లిగమెంటులో ఉండేవి. కాలు ఎటు ఒరుగుతోందో, బరువు ఎక్కడ పడుతోందో అదే పైకి కబురు పంపేది. డాక్టరుగారు కొత్త తాడు కట్టారు గానీ, తాడుతో పాటు కబురు రాదు. తొడ ముందు కండ లాగినప్పుడు వెనక కండ కూడా వెంటనే అందుకోవాలి. మీది కొంచెం ఆలస్యంగా లేస్తోంది. ఆ కొంచెంసేపూ మోకాలికి దిక్కు లేదు."

"మరి దానికేం మొయ్యాలి?"

"ఏమీ మొయ్యక్కర్లేదు. నిలబడాలి."

మెత్తటి దిండు మీద కుడికాలొక్కటే మోపి, కళ్ళు మూసుకుని నిలబడాలి. అద్దం ముందు మెట్టు మీంచి నెమ్మదిగా కిందికి దిగుతూ, మోకాలు లోపలికి పడకుండా చూసుకోవాలి. గుండ్రటి చెక్క కింద బంతిలాంటిది బిగించి ఉంటుంది, దాని మీద ఊగకుండా నిలవాలి. ఇంట్లో రోజుకి రెండుపూట్లా చేసి, ఒక కాగితం మీద గళ్ళలో టిక్కులు పెట్టాలి. వారానికోసారి ఇంట్లో వాళ్ళు అడుగున సంతకం చెయ్యాలి.

మొదటి రోజు దిండెక్కి కళ్ళు మూసుకున్నాడు. నాలుగు లెక్కపెట్టేలోపు చేతులు రెండూ గాలిలో తెడ్లలా ఆడించి, పక్కనున్న బల్లని పట్టుకున్నాడు. ఎదురుగా మోకాలు మార్పించుకున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన అదే పని చేస్తూ, నింపాదిగా ఇరవై రెండు, ఇరవై మూడు అని పైకి లెక్కపెడుతున్నాడు. లెక్క ఆపకుండానే ఒక కన్ను తెరిచి, "ఏం బాబూ, అటువైపు గాలి ఎక్కువగా ఉందా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు. వాళ్ళలో ఇద్దరు ఒకప్పుడు అతను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళే. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు నుంచి ఇంట్లో దిండు ముట్టుకోలేదు. బరువులు మాత్రం రెట్టింపు మోశాడు. చెమట పట్టని పని పనెలా అవుతుందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. భార్య బట్టల దుకాణంలో పనిచేసేది, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేది.

"ఏవండీ, ఇవాళ నిలబడ్డారా?" అని వచ్చీ రాగానే అడిగేది.

"ఆ, ఎప్పుడో అయిపోయింది," అనేవాడు.

టిక్కులు తర్వాత పెడతాలే అంటే ఆమె నమ్మి అడుగున సంతకం పెట్టేది. నిజానికి ఆ టిక్కులన్నీ అతను ఫిజియో దగ్గరికి వెళ్ళే రోజున బస్సులో కూర్చుని పెట్టేవాడు. ఒకే పెన్నుతో పెడితే దొరికిపోతానని జేబులో రెండు పెన్నులు ఉంచుకునేవాడు, నీలం ఒకటి, నలుపు ఒకటి. మధ్యలో ఒకట్రెండు గళ్ళు కావాలనే ఖాళీగా వదిలేసేవాడు, అన్నీ నింపితే అనుమానం వస్తుందని.

ఏడో నెలలో పరీక్ష పెట్టింది మేడమ్. యంత్రం మీద నెగ్గాడు. ఒంటికాలితో గెంతమంటే పళ్ళ బిగువున గెంతాడు. ఆఖరున మిగిలింది కళ్ళు మూసుకుని ముప్పై సెకన్లు నిలబడడం. "మొదలుపెట్టండి" అని ఆవిడ స్టాప్‌వాచ్ నొక్కింది. అంతలో గది ఆ మూల ఒకావిడ కర్రతో సహా తూలితే, మేడమ్ అటు పరిగెత్తింది. అతను గోడమీది గడియారం వైపు ఓరకంట చూస్తూనే ఉన్నాడు. పదకొండు సెకన్లకి కాలు కిందపెట్టేశాడు. ఆవిడని కూర్చోబెట్టి మేడమ్ వెనక్కి తిరిగేసరికి అతను మళ్ళీ ఒంటికాలి మీద, కళ్ళు మూసుకుని, వేలికొసలు గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు.

"అయ్యో, చూడనేలేదు. ఎంతసేపు నిలిచారు?"

"ముప్పై దాటింది మేడమ్."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. తన చేతిలో ఉన్న టిక్కుల కాగితం చూసింది. ముప్పై అని రాసింది.

వార్డులో చప్పట్లు కొట్టి లోపలికి పిలిచారు. "క్రేను రిపేరై వచ్చింది" అని ఎవరో కేక వేశారు. రెండు వారాలు బాగానే గడిచాయి. ఆ మధ్యలో రెండుసార్లు, ఒకసారి మెట్ల మలుపులో, ఒకసారి పక్కకి తిరిగి లిఫ్టు తలుపు ఆపబోయినప్పుడు, మోకాలు ఒక్క క్షణం జారినట్టయింది. ఎవరూ చూడలేదు కాబట్టి అతను కూడా చూడనట్టే ఊరుకున్నాడు.

నాలుగో నంబరు మంచం మీద ఒక దర్జీ అమ్మ ఉండేది. అరవై దాటింది. తుంటి ఎముక విరిగి, లోపల కడ్డీ వేయించుకుని మూడు రోజులైంది. వార్డంతా ఆవిడతో కబుర్లాడేది. "నాకు కాలు లేకపోయినా పర్లేదు నాయనా, మా అమ్మాయి మిషన్ తొక్కి పెడుతుంది. చెయ్యి ఉంటే చాలు," అనేది. ఆ పొద్దున ఆవిడని మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టాలి. కొత్తగా చేరిన నర్సు, అందరూ చిన్న సిస్టర్ అనే అమ్మాయి, చక్రాల కుర్చీ తెచ్చి మంచం పక్కన పెట్టి, బ్రేకులు రెండూ వేసింది. అతను తన అలవాటు ప్రకారం కుర్చీని పాదంతో ఒకసారి తోసి చూశాడు. కదల్లేదు. చిన్న సిస్టర్ మందుల పళ్ళెం అందుకోవడానికి అటు తిరిగింది.

"ఇద్దరం పట్టుకుందామా అన్నా?" అంది, అటు తిరిగే.

"ఎందుకమ్మా, పూలబుట్టంత బరువుంది," అన్నాడు అతను.

దర్జీ అమ్మ నవ్వింది. అతను ఆవిడని లేపి నిలబెట్టి, కుడికాలు మోపి కుర్చీవైపు తిరిగాడు. తిరిగిన క్షణంలో మోకాలు లోపల్లోపల జారింది. నొప్పి లేదు. కింద కాలే లేనట్టయింది, అంతే. కుర్చీ మీద పడ్డాడు, కుర్చీ గీసుకుంటూ గోడదాకా వెళ్ళింది. ఆవిడని తనమీద వేసుకుని కింద పడ్డాడు. తుంటి నేలకి తగలకుండా కాచుకోగలిగాడు గానీ, ఆవిడ కుడిచెయ్యి మంచం కమ్మీకి కొట్టుకుంది. మణికట్టు విరిగింది.

పదిమంది చేరారు. ఆ హడావిడిలో ఎవరో కుర్చీ లాగి, ఏం చేస్తున్నారో చూసుకోకుండానే బ్రేకులు విప్పి పక్కకి తోసేశారు. వార్డు చూసుకునే పెద్ద సిస్టర్ వచ్చి, "ఏమయింది?" అని అడిగింది.

నేలమీద కూర్చునే ఉన్నాడు అతను. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "కుర్చీ జరిగిందండి."

అది అబద్ధం కాదు. కుర్చీ నిజంగానే జరిగింది. పెద్ద సిస్టర్ తలతిప్పి చిన్న సిస్టర్ వైపు చూసింది. "బ్రేకులు వేశావా?"

"వేశాననే..." అంది ఆ అమ్మాయి. అంతవరకే అనగలిగింది.

అతను ఆ క్షణంలో నోరు విప్పి ఉంటే సరిపోయేది. తర్వాత చాలాసార్లు అదే అనుకున్నాడు. అందరూ తన మోకాలికేమైందో అని తడిమి చూస్తున్నారు, నీళ్ళిస్తున్నారు, అవి తాగుతూ ఊరుకున్నాడు.

మర్నాడు దర్జీ అమ్మ మంచం పక్కనుంచి తల వంచుకుని వెళ్తుంటే ఆవిడే పిలిచింది. చెయ్యి మోచేతిదాకా పిండికట్టులో ఉంది.

"నీకేం దెబ్బ తగల్లేదు కదా నాయనా? నా వల్లే ఇదంతా. నువ్వు ఊపిరి వదలమన్నావు, నేను భయపడి బిగుసుకుపోయాను. పాపం నిన్ను కూడా పడేశాను."

"అదేం లేదమ్మా," అన్నాడు.

పక్కనే ఉన్న ఆవిడ కూతురు లేచి నిలబడింది. "డాక్టరుగారు చెప్పారండీ, మీరు కింద పడి కాచుకున్నారు గనక సరిపోయిందట, లేకపోతే తుంటి మళ్ళీ విరిగేదట. మీ రుణం తీర్చుకోలేం," అని ఆపిళ్ళ సంచీ ఒకటి చేతిలో పెట్టింది. వద్దనడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు. ఆ సంచీ పట్టుకుని వార్డు మధ్యలోంచి నడుస్తుంటే, దొంగసొత్తు నలుగురి ముందూ మోసుకుపోతున్నట్టనిపించింది.

మూడో రోజుకి చిన్న సిస్టర్‌కి సంజాయిషీ ఇమ్మని కాగితం వచ్చింది. ఆ రోజంతా అతను ఆ అమ్మాయిని గమనిస్తూనే ఉన్నాడు. ఏ కుర్చీ పెట్టినా వంగి బ్రేకు వేసేది, రెండడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్ళీ వంగి చూసేది, మళ్ళీ వచ్చేది. ఒక కుర్చీకి నాలుగుసార్లు వంగింది. మధ్యాహ్నం దుప్పట్ల బీరువా దగ్గర అతన్ని ఆపింది. రాత్రి నిద్రలేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, మీరు గమనించారా? ఆ రోజు నేను బ్రేకులు వేశానా? వేశాననే గుర్తు. కానీ ఎంత ఆలోచించినా ఇప్పుడు చెయ్యి వేసినట్టు గుర్తు రావట్లేదు. మీరు చూసుంటే చెప్పండన్నా. వెయ్యలేదంటే వెయ్యలేదనే రాసిచ్చేస్తాను."

పాదంతో తోసి చూసినప్పుడు కదలని ఆ కుర్చీ బిగువు అతని అరికాలికి ఇంకా తెలుస్తూనే ఉంది.

"సరిగ్గా చూడలేదమ్మా," అన్నాడు.

"పర్లేదన్నా," అని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది.

సాయంత్రం భార్య ఇంటికి వచ్చేసరికి అతను వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బల్లమీద ఆపిళ్ళు సంచీలోనే ఉన్నాయి. ఆమె ఒకటి తీసి కడగబోతే, "అవి ముట్టుకోకు," అన్నాడు. ఎందుకని అడిగింది. మొదట బ్రేకుల సంగతి చెప్పాడు. తర్వాత గోడకి ఆనించిన వేళ్ళ సంగతి చెప్పాడు. ఆఖరున బస్సులో రెండు పెన్నుల సంగతి చెప్పాడు. అదే అన్నిటికన్నా కష్టమైంది. మిగతావన్నీ చెబుతున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడగలిగాడు గానీ, అది చెబుతున్నప్పుడు నేలకేసి చూశాడు.

ఆమె ఆపిల్‌ని తిరిగి సంచీలో పెట్టేసింది.

"ఆ కాగితాల కింద సంతకం నాది," అంది.

"ఊఁ."

"పన్నెండు వారాలు పెట్టాను. ఒక్కసారి కూడా, ఏదీ నిలబడి చూపించండి అనలేదు. ఎందుకో తెలుసా? అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని."

అతను సంచీ మూతి ముడేశాడు.

"ఆ అమ్మాయి వయసెంత?"

"ఇరవై మూడో, నాలుగో."

"రేపు పొద్దున సంజాయిషీ ఇవ్వకముందే వెళ్ళండి," అంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆమె తిట్టలేదు. వంట చేసింది, వడ్డించింది, పక్కన కూర్చోలేదు.

మర్నాడు పెద్ద సిస్టర్ గదిలో నిలబడి చెప్పాడు. చిన్న సిస్టర్‌ని కూడా పిలిపించారు. ఫిజియో మేడమ్ వచ్చింది. బ్రేకులు రెండూ వేసి ఉన్నాయనీ, తను తోసి చూశాననీ, మోకాలు జారిందనీ, అంతకుముందు కూడా జారిందనీ, ముప్పై సెకన్లు ఎప్పుడూ నిలబడలేదనీ ఒక్కొక్కటే చెప్పాడు.

"నేనూ చూడకుండానే ముప్పై అని రాసెయ్యకుండా ఉండాల్సింది," అంది మేడమ్. "అది నా తప్పు. నేను రాసిస్తాను."

చిన్న సిస్టర్ ఏడుస్తుందేమోనని భయపడ్డాడు. ఆ అమ్మాయి ఏడవలేదు.

"నేను మిమ్మల్ని అడిగాను కదా. బీరువా దగ్గర."

"అడిగావమ్మా."

"అప్పటికి మీకు తెలుసు."

"తెలుసు."

"నాకు పిచ్చెక్కిందనుకున్నాను," అంది ఆ అమ్మాయి. "వేసిన చెయ్యి నాదే, అది నాకే గుర్తులేదంటే నాకేదో అయిందనుకున్నాను." అని పెద్ద సిస్టర్ వైపు తిరిగి, "నేను వెళ్ళనాండీ? మందుల వేళైంది," అంది. ఆ రోజు తర్వాత ఆమె అతన్ని అన్నా అని పిలవలేదు. అసలు ఏమనీ పిలవలేదు. పనుంటే చెప్పేది, లేకపోతే లేదు.

దర్జీ అమ్మకి చెప్పడం ఇంకా మిగిలి ఉంది. కూతురు లేనప్పుడు చూసుకుని వెళ్దామనుకున్నాడు. అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గేసి, ఉన్నప్పుడే వెళ్ళాడు. చెప్పాల్సినదంతా చెప్పాడు. కూతురు మొహం ఎర్రబడింది, ఏదో అనబోతే తల్లి ఎడమచెయ్యెత్తి ఆపింది.

"మూడు రోజుల్నుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నాను," అంది దర్జీ అమ్మ. "ఇది కూడా తిట్టింది, చెప్పినమాట వినవు కదా అని. దీని చేత అనవసరంగా మాటలు పడ్డాను."

"తప్పైపోయిందమ్మా."

"అయింది," అంది ఆవిడ. కొంచెంసేపు పిండికట్టు కేసి చూసుకుంది. "ఇప్పుడు నాకు మాట్లాడబుద్ధి కావట్లేదు. వెళ్ళు బాబూ."

అంతవరకూ ‘నాయనా’ అన్న మనిషి ‘బాబూ’ అనడం అతను గమనించాడు.

రోగుల్ని ఎత్తే పని నుంచి అతన్ని తప్పించారు. ఉద్యోగం తియ్యలేదు, దుప్పట్లు మడిచే గదిలో వేశారు. వార్డు గుమ్మందాకా బండి తోసుకెళ్ళి, అక్కడ వదిలేసి వచ్చేవాడు. లోపలినుంచి "ఆయన్ని పిలవండి" అని ఎవరూ అనేవారు కాదు. రోజూ మధ్యాహ్నం ఫిజియో గదిలో అందరి ముందూ దిండెక్కేవాడు. మొదటి రోజుల్లో ఎవరు తలెత్తినా తననే చూస్తున్నారనిపించి, ఒళ్ళంతా చెమటలు పట్టేవి. ఎవరో చూస్తున్నారన్న ధ్యాస వస్తే చాలు, కాలు ఊగిపోయేది.

"పది," అంది ఒకసారి మేడమ్ వాచీ నొక్కి.

"ఎనిమిదే మేడమ్. చివర్లో వేలు బల్లకి తగిలింది."

ఆవిడ పది కొట్టేసి ఎనిమిది వేసింది. నెలన్నర గడిచేసరికి ఇరవై దాటింది. అద్దం ముందు మెట్టు దిగుతుంటే, మోకాలు లోపలికి ఒరగబోయి, తనంతట తనే సర్దుకోవడం ఒక రోజు కళ్ళారా చూశాడు. లోపల ఎక్కడో ఒక కండ అడక్కుండానే లేచి అందుకుంది. అంత చిన్న సంగతి. దాన్ని తను నేర్చుకోనందుకు ఇంకొకరి మణికట్టు విరిగిందని తోచి, ఆ సంతోషం అక్కడికక్కడే చప్పబడిపోయింది.

ఆ వారంలోనే దర్జీ అమ్మ కట్టు విప్పించుకుని అదే గదికి రావడం మొదలుపెట్టింది. వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవట్లేదు. మెత్తటి బంతి ఒకటి పిసుకుతూ కిటికీ పక్కన కూర్చునేది. తెచ్చుకున్న గుడ్డముక్కలో సూది దింపడానికి ప్రయత్నించేది, సూది జారి కింద పడేది, వంగి తీసుకోలేక ఊరుకునేది. మొదటి రోజు అతను వచ్చి సూది తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ తలూపింది. రెండో రోజూ అంతే.

మూడో రోజు ఆవిడ పని ముగించుకుని లేవబోయింది. కుర్చీ కొంచెం పల్లంగా ఉంది, కుడిచేతి మీద బరువు వెయ్యలేక మళ్ళీ కూలబడింది. అతను దిండు దిగి ఒకడుగు ముందుకు వేశాడు. పద్దెనిమిదేళ్ళ అలవాటు, చేతులు ముందుకు రానే వచ్చాయి. ఆవిడ ఆ చేతుల వైపు చూసింది. తర్వాత అతన్ని దాటి అటువైపు చూసి, "అమ్మా మేడమ్, కాస్త చెయ్యివ్వవూ," అని పిలిచింది.

మేడమ్ వచ్చి లేపింది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర కర్ర సర్దుకుంటూ ఆవిడ వెనక్కి తిరిగి, "వస్తాను," అంది. ఆ మాట మేడమ్‌తో అందో, గదిలో అందరితో అందో, అందులో తనూ ఉన్నాడో లేడో అతనికి అర్థం కాలేదు. అయినా మెల్లగా, తనకే వినపడేంత గొంతుతో, "మంచిదమ్మా," అన్నాడు.